గంగాళంలో నిలబడి పాడిన పాట

ఊయలకోట పార్కును కూలగొడుతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా రాజేశ్వరి వదినె. మా మేనత్త ముత్తవ్వ కూతురు. ఆమెను గోదావరి అవతలి ఒడ్డుకు ఇచ్చారు. ఇప్పుడు వంతెన పడింది కనుక పొద్దున బస్సెక్కితే అన్నం వేళకు మా అంకిసలో దిగుతుంది. ఆ రోజు చేతిసంచి కింద పెట్టకముందే ఫోను తీసి నా మొహం ముందు పట్టింది. తెర మీద ఒక పెద్ద నీలం జారుబండ నడుముకు విరిగి వేలాడుతోంది. పక్కన మట్టి తోడే యంత్రం. ఆ బొమ్మ వెనుక ఒక ఆడగొంతు "ఓ..." అని సాగదీసి పిలిచింది. ఆ వెంటనే డప్పు, కీబోర్డు, ఇంకెవరో పట్నం పిల్ల పాట. నేను బియ్యం చెరుగుతున్న చాట అలాగే ఆగిపోయింది.

"మా అవ్వనే పిల్లా! మా వాడకట్టంత పంపుకుంటున్నరు. ఎవ్వల ఫోన్ల చూసినా మా అవ్వనే పిలుస్తున్నది," అంది వదినె, వాళ్ళమ్మ ముత్తవ్వ గొంతు విని. కళ్ళు తడి, పెదవుల మీద నవ్వు. నాకు నవ్వు రాలేదు. ఆ బొమ్మ కింద జనం రాసుకున్నవి చదివాను. మా చిన్నతనం కూలిపోయిందని ఒకరు, వేసవి సెలవులంటే ఈ రేడియో పాటేనని ఒకరు. ఇంతకూ ఈ పాట ఎవరు కట్టారని ఎవరో అడిగారు. దానికి ఒక పెద్దమనిషి జవాబు: "జానపదం అండీ, రచయిత తెలియదు."

తెలియదా? ఒకడు మా అరుగు మీద కూర్చుని మా చేపల పులుసుతో అన్నం తిని, రెండోసారి మారు వడ్డించుకుని, మా అత్త చేతి నీళ్ళు తాగి, ఆమెను "అమ్మా" అని పిలిచి పట్టుకుపోయిన పాట అది. తెలియకపోవడం వేరు, తెలుసుకోవడం అక్కర లేకపోవడం వేరు. నేను పొద్దున దీపం పెట్టేటప్పుడు తగాదాలు, కోరికలు చెప్పను. ఊపిరి సాఫీగా ఆడినందుకు, బావిలో నీళ్ళున్నందుకు, నిన్న వచ్చిన మనిషి క్షేమంగా ఇల్లు చేరినందుకు ఒక్కొక్కటీ తలచుకుని దండం పెడతాను. అలా పెట్టడం నేర్పింది అత్తే. కానీ ఆ మరునాడు దీపం ముందు కూర్చుంటే ఒక్క దండం కూడా బయటికి రాలేదు. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారలేదు. అందుకే వేడిగానే రాస్తున్నాను.

చిన్నప్పుడు నాకు ఆయాసం. మా ఊరి బడిలో మరాఠీ చదువు, అక్కడి దాకా నడిస్తే చాలు నా రొమ్ములో పిల్లి కూసేది. రెండుసార్లు తరగతిలోనే పడిపోయాక మా నాన్న, బాపు, నన్ను ఇంట్లోనే ఉంచి తానే చదువు చెప్పాడు. తెలుగు అక్షరాలు తిథుల క్యాలెండరు మీద, మరాఠీ అక్షరాలు రోడ్డు మీద ఆగే సిరొంచ బస్సు బోర్డు మీద. మిగిలినదంతా అత్త. భర్త పోయాక బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వచ్చిన మనిషి, మా ఇంటి పొయ్యీ మా ఇంటి దేవుడూ రెండూ ఆమె చేతిలోనే ఉండేవి. ఆమెకు చదువు రాదు. అయినా నాకు రామదండకం, తులసి పాటలు, నాట్లప్పుడు పాడేవి, పిండి విసిరేటప్పుడు పాడేవి, అన్నీ ఆమె నోటి నుంచే వచ్చాయి. ఏ పాట ఎక్కడ పాడాలో ఆమెకు గీత గీసినట్టు లెక్క ఉండేది. పొలం పాట పొయ్యి దగ్గర పాడితే, "అన్నం కుండల నాటేస్తవా ఏంది?" అని నవ్వేది.

ఆమె తీరే అంత. పొద్దున లేస్తూనే నేలకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకోవడం, పొగాకు కాడ చెంగున ముడేసుకోవడం, రేడియో సెల్లులు అయిపోవచ్చాయంటే వాటిని అప్పడాల పక్కన ఎండలో ఆరబెట్టడం. సైకిలు ట్యూబు ముక్కతో నడుం కట్టిన ఆ రేడియో మిరపకాయల ఘాటుకు తుమ్ముతుందని మేము అనుకునేవాళ్ళం. కళ్ళంలో మిరప ఎండే రోజుల్లో దాని గొంతు కూడా బొంగురుపోయేది. పొద్దున భక్తి పాటలకు ఆమె దాని ముందు చెప్పులు విడిచి కూర్చునేది. "లోపల దేవుని పేరు తీస్తుండు కద, గాయిన ముంగట చెప్పులేసుకుంటమా?" అనేది.

అన్ని పాటల్లో ఒకటి మాత్రం ఇంట్లో ఎప్పుడూ వినపడేది కాదు. అది పడవ పాట. వంతెన లేని ఆ రోజుల్లో అవతలికి పోవాలంటే గంగారాం పడవే దిక్కు. అత్త పడవ ఎక్కే ముందు నీళ్ళలో వేళ్ళు ముంచి కళ్ళకద్దుకునేది, చెంగున తెచ్చిన పసుపూ కుంకుమా నీళ్ళలో వదిలేది. గంగారాం గడ వేసి ఒడ్డును నెట్టగానే, అవతలి ఒడ్డున ఉన్న పడవను కేకేసినట్టు "ఓ..." అని ఎత్తుకునేది. ఎక్కినవాళ్ళందరూ మాటలు ఆపేవారు. బీడీలు కూడా ఆర్పేవారు.

ఓ... గంగమ్మా...
ఇద్దరి నాదమ్మా, అద్దరి నాదమ్మా
నడుమ నీళ్ళన్నీ నీ ఒడి తల్లీ
ఎక్కిన పిల్లల పైలంగ దించు
ఎత్తుకున్న తల్లుల పైలంగ దించు

ఇద్దరి అంటే ఈ ఒడ్డు, అద్దరి ఆ ఒడ్డు, పైలంగ అంటే భద్రంగా. ఇది ఆమె సొంతంగా కట్టుకున్న పాట. కొత్తనీళ్ళ కాలంలో పడవ తిరగబడినప్పుడు మా మామ ఆమెనూ చంకలోని పసిపిల్ల రాజేశ్వరినీ బోర్లాపడిన పడవ మీదికి నెట్టాడు. తాను మళ్ళీ పైకి రాలేదు. గంగారాం తండ్రి వీళ్ళిద్దరినీ ఒడ్డుకు లాగాడు. ఆ తరువాత మొదటిసారి పడవ ఎక్కినప్పుడు ఈ పాట ఆమె నోట వచ్చిందట. చిన్నప్పుడు నేను అడిగాను, "మామను తీసుకపోయిన గంగకు దండమెందుకత్తా?" అని. ఆమె నా తల నిమిరి, "తీస్కపోయింది యాది పెట్టుకునుడు ఎవ్వలకన్న వస్తది బిడ్డా. మమ్ముల దించింది కద, అది నేను యాది పెట్టకుంటె ఇంకెవ్వలు పెడతరు?" అంది. ఆ పాటకు ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. కాళ్ళ కింద నీళ్ళుంటేనే పాడాలి. నేల మీద పాడితే అది దండం కాదు, ఆట అవుతుంది.

రాజేశ్వరి వదినె పెళ్ళయి అవతలికి పోయిన ఎండాకాలంలోనే ఆ మనిషి వచ్చాడు. భుజాన పెద్ద సంచి, అందులో రికార్డు చేసే యంత్రం. మేము అతన్ని క్యాసెట్ సారు అనేవాళ్ళం. అసలు పేరు మేము అడగలేదు, అతనూ చెప్పలేదు. గోదావరి ఒడ్డు పాటలని రేడియోలో ఒక కార్యక్రమం వస్తుందని, పడవలో ముత్తవ్వ పాట విన్నవాళ్ళు చెబితే వెతుక్కుంటూ వచ్చానని అన్నాడు. అత్త సంబరపడింది. మరునాడు పడవలోనే పాడింది. అతను చెవుల దగ్గర పెట్టుకున్నవి తీసి తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, గాలి చప్పుడు, గడ చప్పుడు పడుతున్నాయి. ఇంట్లో పాడితే బాగుంటుంది."

"గది కాదు సారూ. నేల మీద ఆ పాట పాడరాదు," అంది అత్త.

"పాడితే ఏమవుతుందమ్మా?"

"ఏం కాదు. పాడరాదు గంతే."

అతను సంచి సర్దుకోసాగాడు. అప్పుడు నోరు విప్పింది నేను. బడికి పోని పిల్లనన్న మాట పడీ పడీ, నాకూ తెలివుందని చూపించాలన్న ఆరాటం ఒకటి ఉండేది. ఇంట్లో దేవుని గూట్లో కాశీ నుంచి ఎవరో తెచ్చిన చిన్న రాగి చెంబు ఉంది, మూతికి సీలు వేసినది. దానికి రోజూ అత్తే బొట్టు పెట్టేది. "అత్తా, గూట్లె చెంబుల ఉన్నది గంగనే కద? చెంబుల ఉంటె గంగ అయితే, మన గంగాళంల ఉంటె గంగ కాకుంటదా?" అన్నాను. అత్త ఆలోచనలో పడింది. బాపు పకపకా నవ్వి, "ఇగో, మా ఇంట్ల పంతులు పుట్టింది," అన్నాడు. ఆ నవ్వుకు నేను ఎంత పొంగిపోయానో! ఆయాసం సంగతి మరిచి, ఇంటికీ రేవుకూ తిరిగి నా చేతులతో బిందెల కొద్దీ గోదావరి నీళ్ళు మోసుకొచ్చి అరుగు మీది ఇత్తడి గంగాళం నింపాను. అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నీళ్ళకు దండం పెట్టి అందులో దిగి నిలబడింది. పిక్కల దాకా నీళ్ళు. "నన్ను ఉడకబెడతరా ఏంది?" అని నవ్వింది. తరువాత కళ్ళు మూసుకుని పాడింది. అంత గొప్పగా ఆమె ఎన్నడూ పాడలేదు.

ఆ నీళ్ళు మోసిన చేతులు ఇవే. ఇది రాస్తున్నదీ ఇవే.

వచ్చే ఆదివారం పొద్దున వినండని చెప్పి అతను పోయాడు. ఆ ఆదివారం మా అరుగంతా జనం. అత్త రేడియోకు పసుపు రాసి బొట్టు పెట్టింది. గంగారాం కూడా రేవు విడిచి వచ్చి గడప పక్కన కూర్చున్నాడు. భక్తి పాటలు అయ్యాయి, వార్తలు అయ్యాయి. వార్తల తరువాత ప్రకటనల్లో, సబ్బుకూ తలనొప్పి మాత్రకూ నడుమ, ఒక్కసారిగా "ఓ..." అని అత్త గొంతు. అందరూ కేక పెట్టారు. ఆ "ఓ" అయీ కాకముందే డప్పు పడింది, పట్నం పిల్ల అందుకుంది.

ఓ... పిల్లలూ!
ఇద్దరి మీదమ్మా, అద్దరి మీదమ్మా
నడుమ నీళ్ళన్నీ ఊయలకోట!
ఎక్కిన పిల్లల జర్రున దించు
జారుబండ మీద జర్రున దించు!

మంచిర్యాల పోయే తొవ్వలో కొత్త పార్కు తెరిచారని, నీటి జారుబండలు, రంగుల రాట్నాలు ఉన్నాయని, కుటుంబంతో రమ్మని ఒక మగగొంతు చెప్పింది. అరుగు మీద చప్పట్లు. "ముత్తవ్వ రేడియోలకు ఎక్కిందిరో!" అని ఒకరు, "ఇగ మాతోని మాట్లాడుతవా లేదా అవ్వా?" అని ఒకరు. నేనూ గంతులేశాను, అబద్ధం ఎందుకు. అత్త మాత్రం రేడియో వైపే చూస్తూ అడిగింది: "గంగమ్మ పేరేది? గాయమ్మ పేరు ఏడ పోయింది?"

అప్పటికి ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. రోజుకు ఎన్నిసార్లు వచ్చేదో ఆ ప్రకటన! చాయ హోటల్లో, వరి కోతల్లో చెట్టుకు వేలాడదీసిన రేడియోలో, జిమల్‌గట్ట నుంచి ఇప్పపువ్వు అమ్మడానికి వచ్చేవాళ్ళ సైకిలు హ్యాండిలు మీద. ఊళ్ళో పాకే పిల్లలకు కూడా అది వచ్చేసింది. పదిహేను రోజులకు అత్త పడవ ఎక్కింది. పసుపు వదిలి "ఓ..." అన్నదో లేదో, పడవలోని కుర్రవాళ్ళు "పిల్లలూ!" అని అందుకున్నారు. ఆమె ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. "ఎక్కిన పిల్లల" అనేసరికి పడవ పడవంతా "జర్రున దించు!" అని అరిచి నవ్వింది. ఆడవాళ్ళు కూడా. చెడ్డవాళ్ళు కారు వాళ్ళు. పాట వచ్చింది, పాడారు. నా కోపం వాళ్ళ మీద కాదు. మనుషులు బీడీలు ఆర్పి వినే దండాన్ని, సబ్బు పక్కన పెట్టి, నీళ్ళలో ప్రాణం పోసుకున్న మాటను నీళ్ళలో జారే మాటగా మార్చినవాడి మీద నా కోపం. "పైలంగ" అన్న చోట "జర్రున" అని రాసిన ఆ చెయ్యికి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మా అరుగు మీద అత్త అతనికి మామ సంగతి అంతా చెప్పింది. అతను పులుసు కలుపుకుంటూ "అయ్యో" అన్నాడు.

ఆ రోజు నుంచి అత్త గోదావరి దాటడం మానేసింది. బాపు ఎంత చెప్పినా ఒకటే మాట. "పాడకుంట నేను దాట. పాడితే నవ్వుతరు. నన్ను నవ్వితే నాకేం గాదన్నా. గంగమ్మ మొఖం మీద నవ్వినట్టయితది." బాపు సిరొంచకు పోయి, చదువుకున్నవాళ్ళను పట్టుకుని రేడియోవాళ్ళకు ఉత్తరం రాయించాడు. జవాబు రాలేదు. అవతల వదినెకు నెలలు నిండుతున్నాయి. చివరికి ఒక మధ్యాహ్నం కబురు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, తల్లికి బాగా లేదు, అవ్వ అవ్వ అని కలవరిస్తోంది అని. అత్త లేచింది. నేనూ వెంట వెళ్ళాను. రేవులో పడవ నిండా జనం, ఒకతని ఒళ్ళో చిన్న రేడియో. అత్త పడవ అంచు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. కాలు లేవలేదు.

గంగారాం ఆమెను చూశాడు. గడ ఇసుకలో పాతాడు.

"అందరు దిగుండ్రి. ఈ తిరుగుడు ముత్తవ్వదే."

"ఏందిరో గంగారాం, మేం మనుషులం కామా?"

"మనుషులే. గందుకే దిగుమంటున్న."

గొణుక్కుంటూ దిగారు. ఖాళీ పడవలో అత్త, నేను, గంగారాం. నడి ఏటికి వచ్చాక ఆమె నీళ్ళలో వేళ్ళు ముంచి కళ్ళకద్దుకుంది. తరువాత పసుపు వదిలింది. "ఓ... గంగమ్మా..." అని ఎత్తుకుంది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇద్దరి, అద్దరి, నడుమ నీళ్ళు, అన్నీ వచ్చాయి. "ఎక్కిన పిల్లల" అంది. "జర్రున" అని వచ్చింది. ఆమె నోటనే. చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అదే. మూడోసారి పాట ఆ మాట దాకా వచ్చి, ఆమె గొంతులోనే నిలిచిపోయింది.

"మాట మరిచిపోయినవా అత్తా?" అన్నాను.

"మరువలే బిడ్డా. రాగం అటే గుంజుతున్నది. నా నోట్లె మన్ను వడ, ఇంట్ల పడ్డ దొంగోడు ఇల్లు నాదే అన్నట్టున్నది."

గంగారాం గడ ఆపేశాడు. పడవ వాలుకు కొట్టుకుపోతోంది, అయినా ఆపేశాడు. రాగం లేకుండా, పొలంలో మనిషితో మాట్లాడినట్టు నీళ్ళ వైపు చూసి అన్నాడు: "పైలంగ దించు తల్లీ. ముత్తవ్వ అంటున్నది. పైలంగ దించుమని." అత్త నీళ్ళలో చెయ్యి పెట్టి ఆ ఒడ్డు చేరేదాకా తీయలేదు.

వదినె కోలుకుంది. మనవరాలిని అత్త ఒళ్ళో పడుకోబెట్టుకుని వారం ఉండి వచ్చింది. గంగమ్మ మాట తప్పిందని నేనెన్నడూ అనను. కానీ ఆ పాటను అత్త మళ్ళీ ఎత్తుకోలేదు, తప్పక దాటాల్సి వచ్చినప్పుడు నీళ్ళలో చెయ్యి పెట్టి కూర్చునేది. పొలం పాట, పిండి పాట కూడా నెమ్మదిగా తగ్గాయి. ఒకే ఒక్కసారి ఆ పార్కును నేను చూశాను, మంచిర్యాల పెళ్ళికి పోతూ, బస్సు కిటికీలోంచి. గేటు మీద మైకు. పోయే ప్రతి బస్సుకూ ఆ "ఓ..." వినిపిస్తోంది. ఊపిరి తీసుకోనివ్వకుండా, ఆగకుండా, మా అత్త గేటు దగ్గర నిలబడి పిల్లలను జారుబండకు పిలుస్తోంది. పక్క సీటులో అత్త కళ్ళు మూసుకుని నిద్ర నటించింది. నేనూ నమ్మినట్టు నటించాను.

ఆమె పోయి చాలా ఏండ్లయింది. వంతెన వచ్చింది. వంతెనకు నేను కృతజ్ఞురాలినే. ఆయాసం వచ్చిన పిల్లను ఇప్పుడు అవతలి డాక్టరు దగ్గరికి పడవ కోసం కాచుకోకుండా తీసుకుపోవచ్చు. గంగారాం కొడుకు ఆటో నడుపుతున్నాడు. బస్సులో పోతూ ఏటి మీద ఎవరో ఒకరు నాణెం విసురుతారు, అది ఒక్కోసారి రెయిలింగుకు తగిలి రోడ్డు మీదే పడుతుంది. నీళ్ళను ఎవరూ అడగడం లేదు, నీళ్ళకు ఎవరూ చెప్పడం లేదు. పార్కూ పోయింది. ఎవరి పాటను మింగిందో ఆమె కంటే కొన్నేళ్ళు ఎక్కువ బతికింది, అంతే. ఆ విరిగిన జారుబండను చూసి నాకు సంతోషం కలుగుతుందేమోనని ఎదురుచూశాను. కలగలేదు.

ఆ రోజు వదినెతో గట్టిగానే అన్నాను, ఆ పాట ఫోనులోంచి తీసెయ్యమని. ఆమె ఫోనును రొమ్ముకు అదుముకుంది.

"నువ్వు కోపం జెయ్యి, నీకు హక్కున్నది. కాని నాకు మా అవ్వ ఫోటో సుత సక్కగ లేదు పిల్లా. ఆ దొంగోడు గుంజుకపోయిన దాంట్లనే ఈ ఒక్క 'ఓ' మిగిలింది. నేను గంతవరకే వింట. డప్పు పడంగనే ఆపుత."

అని చూపించింది. "ఓ..." అని అత్త పిలిచింది. డప్పు పడకముందే వదినె వేలు ఆపింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఆపింది. దొంగకు దండం పెట్టలేను, ఆ గొంతు మిగిలినందుకు పెట్టకుండా ఉండలేను. ఎవరికి పెట్టాలో తెలియక, నిన్న సాయంత్రం రేవుకు పోయి మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగాను. పాట మొత్తం పాడాను. "పైలంగ" దగ్గర రాగం ఇంకా అటే గుంజింది. గట్టిగా పట్టుకున్నాను.

మీలో చాలామందికి ఆ రేడియో పాట వచ్చే ఉంటుంది. మీ చిన్నతనాన్ని నేను తప్పు పట్టను, మీ సెలవులు మీవి. ఒక్కటే అడుగుతున్నాను. ఎప్పుడైనా ఆ వంతెన మీద పోతుంటే, ఆ పాట మీ నోటికి దానంతట అది వస్తే, "ఎక్కిన పిల్లల" అన్న చోట ఒక్క క్షణం ఆగండి. "పైలంగ దించు" అనండి. రాగం రాకపోతే మామూలుగా అనండి, గంగారాం అన్నట్టు. పాట ఎవరిదని మీ పిల్లలు అడిగితే తెలియదనకండి. అంకిస ముత్తవ్వది అని చెప్పండి.